పుట్టిలో పుట్టెడు దుఃఖం

"కూసోండ్రి!" అని అరిచాడు పుట్టి నడిపే ఎల్లన్న. కృష్ణా నది హోరులో ఆ మాట అనంతయ్య చెవిలో "చూడుండ్రి!" అయి దూరింది. చూడమన్నాక చూడకుండా ఉండే రకమా ఆయన? లేచి నిలబడ్డాడు. ఆయన్ను చూసి పక్కనున్న సావిత్రమ్మ, ఆమెను చూసి మరో ఇద్దరు లేచారు. గుండ్రటి తోలుపుట్టి ఓ పక్కకు ఒరిగి బొంగరంలా తిరిగింది.

ఆ తిరుగుడులోనే గద్వాల ఒడ్డు కనబడింది. అక్కడ గడకర్రకు కట్టిన తెల్లగుడ్డ ఎగురుతోంది.

ఆ రేవులో తెల్లగుడ్డ ఎత్తారంటే చావు కబురు. దాని కింద నిలబడ్డవాడు బాలస్వామి. అతని అత్త సాయమ్మ పుట్టిలోనే ఉంది, బాలింతకు పెట్టే కాయం మూట ఒళ్లో పెట్టుకుని.

బాలస్వామి నాగర్‌కర్నూల్ మెట్టల మనిషి. పెళ్లాంతో, అంటే సాయమ్మ కూతురు సుగుణమ్మతో, ఈమధ్యే గద్వాల వైపు కూలికొచ్చాడు. పుట్టింట కావలసిన తొలి కాన్పు, వరదొచ్చి పుట్టి కదలక ఏటికి అవతలే ఆగిపోయింది. నీళ్లు కాస్త తీయగానే వనపర్తి ఒడ్డున సాయమ్మ ఎక్కింది. ఇప్పుడామె వెంట పుట్టెడు దుఃఖం కూడా ఎక్కింది.

"అయ్యో సాయమ్మా, నీ కొంప మునిగె గదనే! లేచి ఏడ్వు, గుండెలు కొట్టుకొని ఏడ్వు!" అంది సావిత్రమ్మ.

"కొంప సంగతేమో గని, ముందు పుట్టి మునుగుతది!" ఎల్లన్న మొత్తుకున్నాడు.

సాయమ్మకు లేవాలనే ఉంది. కానీ తను లేస్తే పట్టుకోవడానికి అందరూ లేస్తారు. గూడెంలో ఉపదేశి చెప్పిన బైబిలు కథలోని షూనేమీయురాలు గుర్తొచ్చింది. చచ్చిపోయిన కొడుకును మంచం మీద పడుకోబెట్టి, ప్రవక్త దగ్గరికి గాడిదెక్కి పోతూ, బిడ్డ క్షేమమా అని అడిగితే "క్షేమమే" అన్న తల్లి. "గట్లెట్లంటది? అబద్ధం గాదా?" అని ఆనాడు సాయమ్మే అడిగి అందరినీ నవ్వించింది. ఆ ఒక్క మాట పైకి రావడానికి ఎంత బలం కావాలో ఇప్పుడు తెలిసింది.

"క్షేమమే," అంది. మనిషి కదల్లేదు. "నా బిడ్డ ప్రభువు చేతుల ఉంది. నా కోసం మీరెందుకు మునుగుతరు? కూసో తల్లీ. అయ్యా, నువ్వు గూడ కూసో. ఎల్లన్నా, తెడ్డెయ్యి."

అందరూ కూలబడ్డారు. ఒడ్డున ఉంటే సాయమ్మ నీడ తగలకుండా నడిచే సావిత్రమ్మ, ఇప్పుడామె చెయ్యి పట్టుకుని కూర్చుంది. పుట్టి కుదురుకుంది.

ఒడ్డు దగ్గరపడగానే బాలస్వామి మోకాలి లోతు నీళ్లలోకి ఉరికొచ్చాడు. "అత్తా! ఆడపిల్ల! తల్లీ పిల్లా సల్లగున్నరు!"

"మరి ఆ సావుగుడ్డేందిరా?" తెడ్డెత్తాడు ఎల్లన్న.

"సావుగుడ్డనా? నాకేం తెల్వదన్నా! ఆదివారం గుడికి కట్టే పంచె అది. మా దిక్కు సంతోషానికి తెల్లబట్టనే కడ్తం. దూరంకెల్లి అత్తకు కనబడాలని కట్టిన."

"గుడ్డ జూసి గుడ్డోళ్లమైతిమి గదరా!" అన్నాడు అనంతయ్య.

"నువ్వు ముందే చెవిటోడివైతివి. కూసోమంటే చూడవడితివి!" అన్నాడు ఎల్లన్న.

అందరూ నవ్వుతుంటే సాయమ్మ ఇసుకలో దిగి, మూట పక్కన పెట్టి, అప్పుడు భోరుమంది.

"ఇప్పుడెందుకే ఏడుస్తవ్?" అంది సావిత్రమ్మ.

"ఒడ్డెక్కినం గద తల్లీ," అంది సాయమ్మ ముక్కు చీదుకుంటూ. "ఇగ ఎంత ఏడ్చినా ఎవరూ మునగరు."