తొమ్మిదో మెషిన్

పన్నెండు కంప్యూటర్ల తెరలు తుడవడం అయ్యాక ఇస్సహాకు నేల ఊడవడానికి వంగి, సగంలో ఆగి, చీపురు మీద బరువానించి నిలబడ్డాడు. హర్మట్టాన్ గాలి మొదలై మూడు వారాలైంది. ఎదురుగా ఉన్న మసీదు మినారు పొద్దున్నుంచీ కనిపించలేదు. ఎడారి దుమ్ము తమాలే ఊరంతటినీ కప్పేసింది. ఊపిరి కుదుటపడగానే మిగతా సగం ఊడ్చాడు.

అతనికి యాభై తొమ్మిదేళ్ళు. సన్నటి మెడ, పెద్ద చేతులు. కుడి బొటనవేలి మీద టంకం వేస్తూ కాల్చుకున్న పాత మచ్చలు. మొదట బజారులో రేడియోలు బాగుచేసేవాడు. వాటిని అడిగేవాళ్ళు లేకపోయాక టీవీలు పట్టుకున్నాడు, వాటి తర్వాత వీడియో ప్లేయర్లు. అవీ పోయాక ఈ ఆటల సెంటర్లో చేరాడు. పదకొండేళ్ళలో ఒక్క ఆటా ఆడలేదు. ఆడేవాళ్ళకు బొమ్మ కదిలితే అతనికి చాలు.

అలసంద గారెల పొట్లంతో రహీనా వచ్చింది. పక్క వీధిలో బట్టలు కుడుతుంది. ఈ రోజు మధ్యాహ్నం మూడింటికి ఆన్‌లైన్‌లో కార్ల పందెం. మొదటి ఎనిమిది మందిని అక్రాలో జట్టులోకి తీసుకుంటారు. ఇరవై రెండేళ్ళు దాటితే తీసుకోరు. వచ్చే నెలతో ఆమెకు అవి దాటుతాయి.

"బాబా, నిన్న కూడా తొమ్మిదో మెషిన్ అంతే. పది నిమిషాలు వెన్నలా పోయింది. తర్వాత మలుపు దగ్గర బొమ్మ ఆగి ఆగి కదిలింది. తేరుకునే సరికి కారు గోడలో ఉంది."

"వేరే మెషిన్ మీద ఆడరాదూ?"

"మిగతావాటికి ఈ ఆట మొయ్యడమే రాదు కదా. బొమ్మలు గీసే ఆ పెద్ద కార్డు ఉన్నది తొమ్మిదిలోనే."

మూడు చక్రాల బండి నడిపే సుమానీ అప్పటికే నాలుగో కుర్చీలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు. "నెట్ అయ్యుంటుంది బాబా. ఈ ఊళ్ళో ఏది ఆగినా నెట్టే."

"నీ బండి ఆగినా నెట్టేనా?" అంది రహీనా.

"నా బండి ఆగితే అల్లా చిత్తం, హజియా. దాని సంగతి వేరు," అన్నాడు, హజ్‌కు వెళ్ళొచ్చిన పెద్దావిడతో అన్నట్టు.

ఇస్సహాకు నెట్ తీగ లాగేసి, రహీనా చేత ఒంటరిగా కారు నడిపించాడు. తను తెర మూలనున్న అంకె చూస్తూ నిలబడ్డాడు. సెకనుకు అరవై బొమ్మలు. పదకొండో నిమిషంలో అది ఒక్కసారిగా పద్నాలుగుకు పడిపోయింది. అంటే నెట్ కాదు. వెనకాల గుట్టుగా నడుస్తున్న ప్రోగ్రాములన్నీ మూసేశాడు. మళ్ళీ పడింది. ఆటలో నీడలు, గడ్డి, వాన అన్నీ తగ్గించాడు. ఈసారి పద్నాలుగు నిమిషాలు నడిచి పడింది.

అక్కడ ఆలోచనలో పడ్డాడు. బరువు తగ్గిస్తే ఇంకాస్త దూరం నడిచింది. అయితే తప్పు దారిలో లేదు, మోసేదానిలో ఉంది.

వేడి చూపే అంకె తెర మీదికి తెచ్చాడు. అరవై, డెబ్బై నాలుగు, ఎనభై ఎనిమిది. తొంభై అయిదు తాకగానే బొమ్మ కుంటసాగింది.

"కాలిపోకుండా తనకు తానే పని తగ్గించుకుంటోంది. తెలివైనది," అన్నాడు.

కుర్చీ లాక్కుని కూర్చుని, అరచేత్తో ఛాతీ రుద్దుకున్నాడు. సుమానీ చూశాడు.

"నీకూ దానికీ ఒకటే జబ్బు బాబా. పది నిమిషాలు నడుస్తావు, ఆగుతావు. నిన్నెవరు విప్పి చూస్తారు?"

"సోమవారం ఆస్పత్రికి పోతానని మా అజారాకు చెప్పాన్లే."

"ఏ సోమవారమో చెప్పావా మరి?"

రహీనా నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ మాట భార్యకు ఎన్ని సోమవారాలుగా చెబుతున్నాడో అతనికే గుర్తులేదు.

మధ్యాహ్నపు జుహర్ నమాజు అయ్యాక మెషిన్ పక్క మూత విప్పి, రోడ్డవతల పంక్చర్లు వేసే కొట్టుకు ఎత్తుకుపోయాడు. టైర్లకు కొట్టే గాలితోనే ఊళ్ళో అందరూ కంప్యూటర్లలో దుమ్ము వదిలిస్తారు. సుమానీ బండి తెస్తానంటే, "నీ కుదుపులకు బిగించినవి కూడా ఊడతాయి," అని వద్దన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు రెండుచోట్ల దించి ఆగాడు. బిగించి నడిపిస్తే పన్నెండో నిమిషంలో మళ్ళీ అదే పద్నాలుగు.

రెండు కావస్తోంది. పొట్లంలో గారెలు అలాగే ఉన్నాయి.

ఇస్సహాకు చిన్న కాగితం ముక్క చించి, నడుస్తున్న మెషిన్ ముందు జాలీ దగ్గర పెట్టాడు. లోపలి ఫ్యాను లాక్కుంటే అది జాలీకి అతుక్కోవాలి. కాగితం కింద పడింది. ముందు వైపు మూత ఊడదీశాడు.

లోపల గుడ్డ ఉంది. గాలి మొదలైన రోజున దుమ్ము లోపలికి పోకుండా పన్నెండు మెషిన్లకూ దోమతెర గుడ్డ కత్తిరించి కుట్టినవాడు అతనే. ఆ ఊళ్ళో టీవీ మీదా రేడియో మీదా అల్లిక గుడ్డ కప్పని ఇల్లు ఉండదు. కప్పడమే కాపాడటం. మిగతావాటికి ఒక పొర వేశాడు. దీనికి మాత్రం, రహీనా పందెం ఉందని, రెండు పొరలు వేశాడు. ఆ రెండింటి మధ్య దుమ్ము మేకతోలులా గట్టిపడింది.

"నేనే," అన్నాడు మెల్లగా. "దీని గొంతు నొక్కింది నేనే తల్లీ."

"దుమ్ము లోపలికి పోకూడదనే కదా బాబా నువ్వు వేసింది."

అతను ఆ గట్టిపడ్డ దుమ్మును గోటితో గీకాడు. మేలు చేసే చేతికి ఎంత చేస్తే చాలో కూడా దేవుడు చెప్పి ఉంటే, లోకంలో ఎన్ని ఊపిర్లు నిలిచేవో.

గుడ్డ లాగేశాక మెషిన్ ఇరవై నిమిషాలు నడిచింది. వేడి డెబ్బై ఒకటి దగ్గర ఆగింది. బొమ్మలు అరవై కన్నా తగ్గలేదు.

"ఈసారి చివరిదాకా ఉండాలి బాబా," అంది రహీనా.

ఉండే అలవాటు అతనికి లేదు. ఫుట్‌బాల్ ఫైనల్ రోజు ఎవరింట్లో టీవీ మూగబోయినా అతనికే కబురొచ్చేది. బొమ్మ రాగానే పెట్టె సర్దుకుని బయల్దేరేవాడు. గోలు పడిన కేకలు ఎప్పుడూ వెనకనుంచే విన్నాడు.

"ఎంతసేపు నీ పందెం?"

"ఇరవై నిమిషాలు."

"సాయంత్రం అసర్ నమాజుకు ముందే అయిపోతుంది. నమాజుకు కాళ్ళూ చేతులూ కడుక్కోవాలిగా, వజూకి కూజాలో నీళ్ళు పట్టుకుని వచ్చి ఇక్కడే కూర్చుంటా. పో, నువ్వు కానియ్."

మూడింటికి పందెం మొదలైంది. ఆమె కుర్చీ వెనక ఏడెనిమిది మంది మూగారు. పదకొండో నిమిషం దాటింది, పన్నెండు దాటింది. మధ్యలో ఒకసారి రహీనాకు వెనక్కి చూడాలనిపించింది. మలుపులో ఉంది, చూడలేదు. చూసి ఉంటే ఏమైనా మారేదా? ఆ తర్వాత చాలా రోజులు ఆమె నమాజు ముగించి దేవుణ్ణి అదే అడిగేది.

ఆరో స్థానంలో గీత దాటింది. సుమానీ కేకకు గోడ మీది క్యాలెండర్ ఊగింది.

"బాబా! ఆరు! అక్రాకే! లే బాబా, నిద్రేంటి ఇప్పుడు?"

వెనక గుమ్మం పక్కన బల్ల మీద ఇస్సహాకు గోడకు చేరగిలబడి ఉన్నాడు. చేతులు ఒళ్ళో ఉన్నాయి. మొహం తెర వైపే తిరిగి ఉంది. సుమానీ భుజం పట్టి కుదిపాడు. రెండోసారి కుదపలేదు.

పొద్దుగూకక ముందే మట్టి చేశారు. ఆదివారం అక్రా బస్సెక్కేముందు రహీనా సెంటర్‌కు వచ్చింది. లోపల ఎవరో ఆడుకుంటున్నారు. వెనక గుమ్మం దగ్గర నీలిచారల ప్లాస్టిక్ కూజా, మూత తీసి పక్కన పెట్టినది పెట్టినట్టే, అంచుదాకా నీళ్ళతో ఉంది.