తప్పులు బాగా తెలిసిన పిల్ల

పిల్లల చేతిలో తెర కనిపిస్తే లెక్కల టీచరుకి ఒళ్లు మండుతుంది. అలాంటిది, తను తయారుచేసిన ఏఐ పరికరాన్ని ఆవిడ ఆరో తరగతిలోనే పెట్టాలని అక్క కూతురు కాళ్లావేళ్లా పడింది. చిన్నప్పుడు ఎక్కాలు ఎగ్గొట్టి మంచం కింద దాక్కున్న పిల్ల తనకే పాఠం చెప్పొచ్చిందని మూతి ముడుచుకున్నా, చివరికి టీచరు ఒప్పుకుంది. కారణం కొత్త పిల్ల.

ఆ పిల్ల ఏడాది మధ్యలో చేరింది. నెల దాటినా ఎవరితోనూ పెదవి విప్పలేదు. టీచరు బుజ్జగించింది, బెంచీలు మార్చింది, ఇద్దరు వాగుడుకాయల మధ్య కూర్చోబెట్టింది. ఉహూఁ! భిన్నాల్లో మాత్రం రోజుకో కొత్త తప్పు చేసి, తనే దిద్దుకునేది. ఏడాదంతా ఇలాగే గడిచిపోతుందేమోనని టీచరుకి బెంగ పట్టుకుంది.

ఈ పరికరం తీరే వేరు. ప్రతి పిల్ల ముందూ ఓ చిన్న తెర ఉంటుంది. లెక్కలో ఎవరైనా చిక్కుకుంటే అది జవాబు చెప్పదు. అదే తప్పు చేసి బయటపడ్డవాళ్లని వెతికి, వాళ్ల తెర మీద మాత్రమే అడుగుతుంది: "ఒకరు ఇక్కడే ఆగిపోయారు. వెళ్లి చూపిస్తావా?" సరేనంటేనే ఆ ఒకరెవరో చెబుతుంది.

"ఫస్టు వచ్చేవాణ్ణి అడగొచ్చుగా?" అంది టీచరు.

"ఆ తప్పు ఎలా వస్తుందో వాడికేం తెలుసు పిన్నీ? చేసినవాళ్లకే తెలుస్తుంది."

ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నా తనకి ఈ ముక్క తట్టనందుకు టీచరు ఆశ్చర్యపోయింది.

వారం గడిచింది. కొత్త పిల్ల బెంచీ దిగలేదు.

"ఆ పిల్లని నీ పరికరం అడిగిందా అసలు? వద్దందా?"

"నాకూ తెలీదు. వద్దన్న సంగతి ఎవరికీ చెప్పకుండా తయారుచేశాను."

"నాక్కూడానా?"

"నీకైతే అసలు చెప్పదు. తెలిస్తే ఊరుకుంటావా నువ్వు?"

ఊరుకోదు. టీచరుకి చర్రున కోపమొచ్చింది. కానీ ఇంటికెళ్లే దారి పొడుగునా ఆ మాటే తలుచుకుని, ఎంత లోతుగా ఆలోచించింది మా అక్క కూతురు అని మురిసిపోయింది.

సోమవారం ఆవిడ క్లాసుకి కాస్త ఆలస్యంగా బయల్దేరింది. వరండాలోకి గోల వినిపిస్తోంది. గుమ్మం దాకా వచ్చి అరవబోయింది.

"అలా కాదురా మొద్దూ! కిందవి రెండూ కూడేస్తావేంటి? మొన్న నేనూ అలాగే చేశా. ఇటివ్వు పెన్సిలు!"

ఆ క్లాసులో ఎవరు నోరెత్తినా ఎవరో ఇట్టే చెప్పగలదు టీచరు. ఈ గొంతు మాత్రం ఆవిడ ఎప్పుడూ వినలేదు.