కొండ అంచున గింజంత మనిషి

ఎంత చిన్నదో, బియ్యపు గింజంత, కొండ అంచున మనిషి ఉందని ఎవరైనా చెబితే తప్ప తెలియదు, చైనా వాళ్ళ పాత కొండల బొమ్మల్లో మనిషి అంతే ఉంటాడని గవర్రాజు ఎప్పుడూ అనేవాడు, ఫోటోలు కూడా ఆ బొమ్మల్లాగే తీయాలని గనిలో డ్యూటీ దిగగానే కెమెరా పట్టుకుని బైలాడీలా కొండలెక్కేవాడు, వెంట కల్యాణి, ఇంకా దూరం ఎల్లవే, ఇంకా, అదీ, అక్కడుండు, అని కేకలేస్తే మొగుడి చూపు ఆనేంత దూరంలో వానకి తడుస్తూ నిలబడేది, అంత దూరాన్నించీ తననే చూస్తున్నాడు కదా అని లోపల వెచ్చగా ఉండేది, ఇవాళ కిరందుల్ క్లబ్బు హాల్లో గోడ పొడుగునా అలాంటిదే ఒక ఫోటో, ఎవరో ఆఫీసరు వంగి చూసి, యే భాభీజీ హై నా, అంటే, ఇంకెవరుంటారు సార్, మా ఆవిడే, అని గవర్రాజు నవ్వుతున్నాడు.

కానీ ఈ కొండ తనెక్కలేదు, వంకర చెట్టున్న ఈ అంచు తనెప్పుడూ చూడలేదు, నిరుడు వానల్లో అమ్మ కంటి ఆపరేషనుకి విశాఖపట్నంలో ఉండిపోయింది, అప్పుడు తీసిందేమో, అయితే మాత్రం ఏం, ఒకనాటి కొండకి ఇంకోనాటి మంచు అతికించడమే కదా ఆయన పని, పాత ఫోటోలోంచి తనని తెచ్చి ఇక్కడ నిలబెట్టి ఉంటాడు, నేనే, నేనే, అనుకుంటూ ముఖం ఇంకా దగ్గరగా పెట్టింది, గింజకి ఒక చెయ్యి వెనక్కి ఉంది, వీపు వెనకనుంచి రెండో మోచేతిని పట్టుకుని ఉంది, అలా తనెన్నడు నిలబడింది.

ఎంత బాగున్నావో వదినా, దిష్టి తగులుద్దేమో, అంటోంది పక్క క్వార్టరు జయ, స్కూల్లో పాఠాలు చెప్పే జయ, నువ్వు నిశ్చింతగా ఎల్లిరా వదినా, అన్నయ్యకి కూరా చారూ నేను పంపిస్తాన్లే, అన్న జయ, అన్నయ్య, ఆ మాట నోట్లోంచి ఎంత చల్లగా వచ్చేది, ఇప్పుడు పక్కన నిలబడి, వీపు వెనకనుంచి మోచెయ్యి పట్టుకుని, ఆ ఫోటోనే చూస్తోంది, కల్యాణికి అరిచేయాలనుంది, అరిస్తే ఏమని, గింజని చూపించి ఏమని, హాలంతా నవ్వుతారు, ఇదేటే, అదంతా అతుకుల బొమ్మ కదా, నీకు పిచ్చా, అంటాడు, సాక్ష్యం అడగడానికి కూడా వీల్లేని చోట నిలబెట్టాడు జయని.

ఔర్ కన్వేయర్ కహా గయా, అని ఆఫీసరు, గవర్రాజు వేళ్ళతో గాలిలో తుడుస్తూ, వొద్దనుకున్నది ఏదైనా మంచులో కలిపేత్తాను సార్, ఏక్ మినట్ కా కామ్, అన్నాడు, ఖనిజం మోసే కన్వేయర్ తుడిచేశాడు, కరెంటు స్తంభాలు తుడిచేశాడు, గనికోసం కోసిన కొండ మెట్లన్నీ తుడిచేశాడు, ఒకనాటి పొరపాటే అయితే జయనీ నిమిషంలో తుడిచేసేవాడే, కట్టుకున్నది వచ్చి చూస్తుందని తెలిసీ చెయ్యి రాలేదంటే, ఆయనకి ఈమె కావాలి.