ఆరని పాదాలు

మధ్యాహ్నం మూడింటికి హాస్టల్ మెస్సు గేటు దగ్గర ఆడవాళ్ళు వరసగా నిలబడి కొంగులు దులిపి చూపించాలి. ఆ తరవాతే ఇళ్ళకు పోనిస్తారు. మగవాళ్ళు మాత్రం సైకిళ్ళకు టిఫిన్ డబ్బాలు తగిలించుకుని దర్జాగా వెళ్ళిపోతారు. ఆ డబ్బాల్లో ఏముందని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

అరవై ఎనిమిదిలో, మార్చి నెలలో, లింగమ్మ కొంగులోంచి గుప్పెడు కందిపప్పు రాలింది. అదే రోజు అదే గేటులో ఆమె మొగుడు భీమయ్య సైకిలు ఒరిగి, డబ్బా మూత ఊడి, నెయ్యంతా నేలపాలైంది. ఇద్దరూ ఆ మెస్సులోనే పనివాళ్ళు. తప్పు చేసి దొరికిన ఎవరికైనా అయ్యేదే వాళ్ళకూ అయింది. పాదాలు తడిసిపోయాయి. నడిచినచోటల్లా తడి అడుగులు పడ్డాయి. నలుగురూ క్షమించేదాకా ఆ తడి ఆరదు.

వార్డెన్ మల్లికార్జున అనంతపురం మనిషి, మనసు మెత్తన. "ఇంకోసారి ఇట్ల చేయొద్దప్పా భీమయ్యా. మగమనిషివి, ఇల్లు జరగాల గదా" అని పనిలోకి పంపించేశాడు. మూడో రోజుకల్లా భీమయ్య పాదాలు ఎండిపోయాయి. లింగమ్మను చూస్తే మాత్రం ఆయనకు నిజంగానే బాధ కలిగింది. "ఆడదానివై ఉండి ఇదేం బుద్ధి?" అంటూ పోలీసులకు కబురు పెట్టాడు.

ఆరు వారాలు జైల్లో ఉండి వచ్చింది. లాలాగూడలో అత్త భారతమ్మ గడప తొక్కనివ్వలేదు. "ఆడపిల్ల పెరిగే ఇల్లు. నీ అడుగులు గీడ పడొద్దు" అంది. ఆ ఆడపిల్ల లింగమ్మ కూతురు సమ్మక్కే, ఎనిమిదేళ్ళది. వెనకాల భీమయ్య కాళ్ళు చాపుకుని బీడీ కాలుస్తున్నాడు. ఆ పొడి కాళ్ళ మీద బిందెడు నీళ్ళు కుమ్మరించాలనిపిస్తుంది నాకు.

తార్నాకలో ఇంటింటా పని అడిగింది. గచ్చు మీది తడి చూసి అందరూ తలుపులేసుకున్నారు. పాదాలకు బూడిద రాసింది. మే ఎండలో తారు రోడ్డు మీద నడిచింది. అరికాళ్ళు బొబ్బలెక్కాయి గానీ ఆరలేదు. రోజూ సాయంత్రం లాలాగూడ సందు చివర నిలబడి కూతురు కనిపిస్తుందేమోనని చూసి, పట్టాల పక్కనున్న గుడిసెకు తిరిగొచ్చేది.

జూన్‌లో పిడుగులాంటి కబురొచ్చింది. సమ్మక్కను జనగామ దగ్గర మేనత్త ఊరికి పంపేస్తున్నారట, ఆదివారం బండికి. "ఇగ నా బిడ్డ మొకం చూడనేమో" అని లింగమ్మ తిండి మానేసింది.

శనివారం పొద్దున, తల్లి అడుగుల తడి పట్టుకుని, సమ్మక్క ఒక్కతే గుడిసె ముందుకొచ్చి నిలబడి రొప్పుతోంది. లింగమ్మ ముందు ముఖం చూసింది. తరవాత నేల చూసింది. చిన్న చిన్న తడి అడుగులు.

"ఏం తీసినవే?"

"నాయనమ్మ వెండి కడెం. అందరు చూస్తుండంగనే తీసిన. కడెం గుంజుకొని ఎల్లగొట్టింది."

"ఎందుకే గట్ల చేసినవ్?"

"నిన్ను ఎల్లగొట్టిన్రు గద. నన్ను గూడ ఎల్లగొడ్తరనుకున్న."

లింగమ్మ కొంగుతో ఆ పాదాలు తుడిచింది. మళ్ళీ తడి. మళ్ళీ తుడిచింది. ఏడుపు ఆగలేదు, తడీ ఆగలేదు.

"తొవ్వ పొడుగూత ఉరికిన అమ్మా" అంది సమ్మక్క. "బాపుయి ఆరినట్టు నాయి గూడ నడుమల్నే ఆరిపోతయేమోనని భయమైంది."

లింగమ్మ పిల్లను గట్టిగా పొదువుకుంది.

"ఆరవు బిడ్డా" అంది. "మనయి ఆరవు."