నలభై ఎనిమిది వద్దన్న కాశీరావు

నాంచారమ్మకి ఒళ్లు మండడం మొదలై మూడు గంటలయింది. బందరు నుంచి విజయవాడ దాకా బస్సులో నిలబడి వచ్చినందుకు కాదు. బీసెంట్ రోడ్డులో ఈ కెమెరాల కొట్లో కాలుపెట్టింది మొదలు మొగుడు కాశీరావు నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు కూర్చున్నందుకు. ఔననడు, కాదనడు. ఏ కెమెరా ఇస్తే దాన్ని కంటికి ఆనించి కాసేపు చూసి, మళ్లీ బల్ల మీద పెడతాడు. అట్లా పదకొండు పెట్టాడు.

ముచ్చటపడి ఫోటోలు దిగడానికి వచ్చిన మనుషులు కాదు వాళ్లు. బందరు అవతల సముద్రం ఒడ్డున వేట మీద బతికే కుటుంబం. ఒడ్డుకి ఎనిమిది కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదని రూలుంది. రూలు కాగితం మీదుంది, బోట్లు మాత్రం వలల మీదున్నాయి. రెండేళ్లలో కాశీరావు వలలు మూడు పీలికలయ్యాయి. ఇంకొకటి పోతే మళ్లీ కొనే దారి లేదు. ముప్పై ఏళ్లు సొంత పడవ నడిపిన మనిషి ఎవరి పడవ మీదనో కూలికి పోవాలి.

మూడో వల చిరిగిన రోజున నాంచారమ్మ దాన్ని గంపకెత్తుకుపోయి మత్స్యశాఖ ఆఫీసరు బల్ల మీద కుమ్మరించింది. ఆయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏ బోటమ్మా? ఊరికే మరబోటు, మరబోటు అంటే నోటీసు ఎవరికివ్వను? నంబరు కనపడేట్టు ఫోటో తీసుకురండి, అప్పుడు మాట్లాడదాం."

పెళ్లిళ్లకి ఫోటోలు తీసే అతన్ని బతిమాలి పడవెక్కించారు. అతను దారంతా వాంతులు చేసుకుని ఒక ఫోటో తీశాడు. అందులో బోటు సముద్రం మీద ఈగ వాలినట్టుంది. దూరాన ఉన్నదాన్ని దగ్గరికి లాగే కెమెరాలు వచ్చాయని ఎవరో చెబితే, చేపలమ్మే ఆడవాళ్లంతా తలా ఇంత వేసి నాంచారమ్మని పంపారు. బేరంలో ఆమెని కొట్టేవాళ్లు బందరులో లేరు. అడ్డమైన సరుకు పట్టుకొస్తే ఆ ఆడవాళ్లే ఆమెని సంతలో నిలబెట్టి కడిగేస్తారు. ఆ భయం కూడా ఉంది.

"పిన్నిగారూ, ఇది చూడండి." అమ్మకాలు చూసే హేమసుందర్ నెత్తిమీద మిగిలిన నాలుగు వెంట్రుకలూ సర్దుకుంటూ పన్నెండో కెమెరా తీశాడు. "నలభై ఎనిమిది రెట్లు లాగుద్ది. దీన్ని మించింది విజయవాడలో లేదండీ."

"మరి ఇందాకటిది?"

"అది పన్నెండు రెట్లండీ."

"నలభై ఎనిమిదే ఇవ్వు. ఇంకా ఏం చూస్తావయ్యా?" అంది మొగుణ్ణి.

"పైకెళ్లి చూద్దాం," అన్నాడు కాశీరావు. పొద్దుట్నుంచీ అతను ఆడిన మొదటి మాట అది.

రెండు కెమెరాలూ పట్టుకుని ముగ్గురూ ఆ మూడంతస్తుల మేడ పైకెక్కారు. మిట్టమధ్యాహ్నం. డాబా నిప్పులు కక్కుతోంది. చెప్పులు కింద వదిలొచ్చిన నాంచారమ్మ కాలు మార్చి కాలు మీద నిలబడింది. కాశీరావు దూరాన గుణదల కొండ మీది సిలువని చూశాడు. నాలుగడుగులు ఎడమకి వేశాడు. చాలలేదేమో, ఇంకో రెండు వేశాడు. సిలువకి ఇవతల ఉన్న ఒక సెల్‌టవరు సరిగ్గా సిలువ కిందికి వచ్చేదాకా జరిగి, అప్పుడు కెమెరా ఎత్తాడు. ఎత్తి, కాళ్లు ఎడం చేసి, ఇటూ అటూ ఊగడం మొదలుపెట్టాడు.

"బాబాయ్‌గారూ, కదలకుండా నిలబడితే బాగా వస్తుందండీ," అన్నాడు హేమసుందర్.

"మా పడవ కదలకుండా నిలబడదు బాబూ."

నలభై ఎనిమిదితో ఊగాడు, పన్నెండుతో ఊగాడు. నాంచారమ్మ కూడా చూసింది. నలభై ఎనిమిదిలో సిలువ అరచేతిలోకి వచ్చింది. కొంచెం అలుక్కుపోయినట్టుంది, కింది టవరు ఫోటోలో పట్టలేదు గానీ, సిలువ వచ్చింది.

"ఈ పన్నెండుదే," అన్నాడు కాశీరావు.

"ఎందుకని?"

"ఇది చాల్లే."

"నలభై ఎనిమిది పెద్దదా పన్నెండు పెద్దదా? పీతలు లెక్కపెట్టే పిల్లనడిగినా చెప్పుద్ది."

హేమసుందర్ గొంతు సవరించుకున్నాడు. "నిజం చెప్పాలంటే పిన్నిగారూ, ఆ నలభై ఎనిమిదిలో అద్దం చేసే పని తక్కువండీ. మిగతాది తీసిన బొమ్మనే సాగదీయడం. పైగా ఈ పన్నెండుదాంట్లో చెయ్యి కదిలినా బొమ్మ అంతగా చెదరదు."

"ఇప్పుడు చెబుతున్నావా ఈ ముక్క? ఇందాక దీన్ని మించింది లేదన్నది ఎవరు?"

హేమసుందర్ మెట్ల వైపు చూశాడు. నాంచారమ్మ ఆ కోపమంతా బేరం మీద చూపించింది. అయినా బస్సులో బందరు దాకా సణుగుతూనే ఉంది. కొట్టువాడు చెప్పాడు సరే, కట్టుకున్నవాడు ఎందుకు చెప్పడు? అడిగితే 'చాల్లే' అంటాడు. వల పోయినా చాల్లే, పరువు పోయినా చాల్లే.

పన్నెండు రోజుల తర్వాత ఒక పొద్దున బోటు కెమెరాకి చిక్కింది. కాశీరావు వేట నుంచి తిన్నగా బందరు స్టూడియోకి పోయి రెండు ఫోటోలు కడిగించుకొచ్చాడు. మొదటి దాంట్లో మరబోటు, దాని పక్కన పెద్దపెద్ద అంకెలు. నాంచారమ్మకి ప్రాణం లేచొచ్చింది. రెండో ఫోటో చూడగానే వచ్చిన ప్రాణం విసుక్కుంది. అందులో బోటే లేదు. ఒడ్డున ఉన్న చర్చి, దాని వెనక తమ ఇంటి తాటిచెట్టు.

"ఇదేంటి? మనింటి చెట్టు మనం ఎప్పుడూ చూళ్లేదా?"

"ఉండనీ."

"ఆఫీసరు ముందు తీయమాక. నవ్వుతాడు."

అతను దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

ఆఫీసరు మొదటి ఫోటోని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు. నంబరు స్పష్టంగా ఉందని ఒప్పుకున్నాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు.

"కానీ అమ్మా, ఇది దూరాన్ని దగ్గర చేసే కెమెరా కదా. ఈ బోటు ఒడ్డుకి నాలుగు కిలోమీటర్లలో ఉందో, పద్నాలుగులో ఉందో నాకెట్లా తెలియాలి?"

దగ్గరగా కనపడాలన్నదీ ఈయనే, దగ్గరగా కనపడుతోంది కాబట్టి చెల్లదంటున్నదీ ఈయనే. నాంచారమ్మ చీర కొంగు నడుముకి చుట్టింది. ఈ బల్ల మీద ఇవాళ వల కాదు, ఏకంగా ఈయన్నే కుమ్మరించాలనిపించింది.

"బోటు వెనక చూడండయ్యా," అన్నాడు కాశీరావు.

బోటు వెనక ఒడ్డుంది. ఒడ్డు మీద లైట్‌హౌసు, సరిగ్గా దాని ముందు ఊరి నీళ్లట్యాంకు, ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టు ఉన్నాయి. అతను ఒడ్డు వైపు నుంచి తీయలేదు. బోటుని చుట్టేసి అవతలికి, లోపలి సముద్రంలోకి పోయి, ఒడ్డుకి ఎదురు తిరిగి తీశాడు.

"ఆ రెండు గుర్తులూ కలిసినాయంటే మా పడవ ఆ గీత మీద ఉన్నట్టు. గీత మీద ఎంత దూరంలోనంటే..." జేబులోంచి రెండో ఫోటో తీశాడు. "అక్కడే ఉండి పక్కకి తిరిగి తీశాను. చర్చీ తాటిచెట్టూ కలిసినాయి. ఇది ఇంకో గీత. రెండూ కలిసిన చోట మేమున్నాం. బోటు మాకంటే ఒడ్డుకి దగ్గరుంది."

ఆఫీసరు రెండు ఫోటోల మూలల్లో పడ్డ టైము చూశాడు. రెండిటిలోనూ ఆరూ పన్నెండు. లేచి గోడ మీది మ్యాపు దగ్గరికి పోయి, కాశీరావు వేలు పెట్టిన చోట్ల నుంచి స్కేలు పెట్టి పెన్సిలుతో రెండు గీతలు గీశాడు. అవి కలిసిన చోటు నుంచి ఒడ్డుకి కొలిచాడు. నమ్మకం కుదరక మళ్లీ కొలిచాడు. ఐదు కిలోమీటర్లు.

వచ్చి కూర్చుని నోటీసు పుస్తకం తెరిచాడు.

"నంబరు చెప్పండమ్మా."

నాంచారమ్మకి చదువు రాదు, అంకెలొచ్చు. ఒక్కొక్క అంకెనీ గట్టిగా చెప్పింది. పక్క గదిలో గుమాస్తా తలెత్తి చూసినా గొంతు తగ్గించలేదు.

బయటికి వచ్చి ఇద్దరూ బస్‌స్టాండుకి నడిచారు. ఆమెకి డాబా మీద అతను నాలుగడుగులు ఎడమకి, రెండడుగులు ఇంకా ఎడమకి జరగడం కళ్ల ముందు ఆడుతోంది. సిలువ కింద టవరు.

"ఈ ముక్క ఆ రోజే చెబితే నీ సొమ్మేం పోయేది?"

"చెబుదామనే అనుకున్నా. నువ్వు పీతల లెక్కలో ఉన్నావు."

"లైట్‌హౌసూ ట్యాంకూ సరే. మనింటి తాటిచెట్టు ఎందుకు?"

"పడవ ఎక్కడుందో దాన్ని చూసే కదా నేను తెలుసుకునేది. మొదట్నుంచీ అంతే."

నాంచారమ్మ ఆగిపోయింది. గాలి పెరిగిన ప్రతిసారీ ఆ తాటిచెట్టు మొదట్లో నిలబడి, ఈ మనిషి ఏ నీళ్ల మీద ఉన్నాడో తెలియక, ముప్పై ఏళ్లుగా ఆమె సముద్రాన్నీ అతన్నీ కలిపి తిట్టుకుంటూ ఉంది. అన్నేళ్లూ అతను ఆ చెట్టునే చూస్తున్నాడు.

"ఆ మాటైనా చెప్పవచ్చుగా," అంది కళ్లు తుడుచుకుంటూ, ఎప్పటి విసుగుతోనే.

"చాల్లే, బస్సొచ్చింది," అన్నాడు కాశీరావు.