పత్తిచేలో సిలువరాయి

మా ఆయన ఆంథోని నోట్లో నాలుక లేని మనిషి. అందుకే పోలీసు స్టేషన్‌లోకి నేనే ముందు నడిచాను. ప్లాట్ల బ్రోకర్ వీరేందర్ మీద కేసు పెట్టాలి. మా ఆయన బొగ్గుబాయి నుంచి రిటైరయ్యాడు, మణుగూరులో కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఇల్లు కట్టుకుందామని ములకలపల్లి దగ్గర వాడు అమ్మిన స్థలానికి వస్తే, అక్కడ నడుమెత్తు పత్తిచేను. వాడేమో ఫోన్ ఎత్తడు.

ఎస్సై అంతా విన్నాడు. "ఏజెన్సీ భూమమ్మా అది. గిరిజనుల భూమి గిరిజనులే కొనాలె. మీరెట్ల కొన్నరు?"

"అందరు తెల్లకాగితం మీద కొంటున్నరు సార్. మేం గూడ గట్లనే."

"అయితే కేసు మీ మీద గూడ అయితది. రాయమంటవా?"

ఒళ్లు మండింది. మోసపోయిందీ మేమే, తప్పు చేసిందీ మేమేనా? తేలు కుట్టిన దొంగల్లా నోరు మూసుకుని బయటికొచ్చాం.

ఆ కోపం పత్తి వేసినవాడి మీదికి మళ్లింది. కడిగేద్దామని చేలోకి దిగాను. ఎండాకాలం బీడుగా ఉన్నప్పుడు మేం పాతిన పునాదిరాయి ఇంకా అక్కడే ఉంది. ఫాదర్ గారు ప్రార్థన చేసి సిలువ గుర్తు వేయించిన రాయి. దాని చుట్టూ మంచం పట్టేంత జాగా వదిలి దున్నారు. రాయికి పసుపు, పక్కన వాడిన బంతిపూలు. నాకేమీ అర్థం కాలేదు.

పత్తి ఏరుతున్న బొజ్జయ్య అనే కోయ రైతు దగ్గరికొచ్చాడు. "మీ మనిషేనా అమ్మా? ఎవలో తెల్వక నాగలి తగలనియ్యలే. చిన్న పిల్లనా?"

సమాధి అనుకున్నాడు! తిట్టాలని తెచ్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో.

"మనిషి కాదన్నా. ఇల్లు" అని జరిగింది చెప్పాను.

"ఈ భూమి నాది, నేను అమ్మలే! వాడు రోడ్డు కాడ ప్లాట్ల బోర్డు పెట్టుకుంటనంటే సరే అన్న, గంతే. నేను పెడత వాని మీద కేసు. వాడు నీకు అమ్మిండని నువ్వొచ్చి చెప్పు."

చెబితే వీరేందర్‌కు శిక్ష. మాకు ఇంటి ఆశ పోయినట్టే, పైగా నేరం ఒప్పుకున్నట్టే. చెప్పకపోతే వాడు రేపు ఇంకొకరికి అమ్ముతాడు. న్యాయం కావాలని వచ్చినదాన్ని, అది ఎదురొస్తే ఎటు తప్పుకోవాలా అని చూస్తున్నాను. ఏడుపొచ్చింది.

"గడ్డపార ఉన్నదా అన్నా?" అన్నాడు ఆంథోని. పొద్దున్నుంచి ఆయన నోరు విప్పడం అదే.

ఇద్దరూ కలిసి రాయి పెకిలించారు. గుంట పూడ్చబోతూ బొజ్జయ్య ఆగాడు. "ఈ పూలేం చెయ్యాలె అమ్మా?"

"అండ్లనే వెయ్యన్నా."

నేను సిలువ గుర్తు వేసుకున్నాను. తర్వాత ముగ్గురం స్టేషన్‌కు వెళ్లాం.

"మళ్లొచ్చినవేందమ్మా?" అన్నాడు ఎస్సై.

"కేసు రాయి సార్" అన్నాను. "ముందుగాల మా పేర్లే రాయి."