గద్ద కాపలా

సత్యకుమారి అత్తవారింటి తలుపుకి గడియ సరిగ్గా పడదు. అయినా ఆ ఇంట్లోంచి ఆమె బయటపడలేకపోయింది. కట్టిపడేసింది మొగుడు కాదు, కోడిపిల్లలు. వినేవాళ్ళకి ఇది నవ్వులాటగానే ఉంటుంది. పడేవాళ్ళకి తెలుస్తుంది.

ధవళేశ్వరం ఆనకట్ట దిగువన, గోదావరి గట్టునానుకుని ఉన్న జాలరిపేటలో ఆ ఇల్లు. మగవాళ్ళు చీకటితోనే పడవలేసుకుని వేటకి వెళ్ళిపోతారు. పెరట్లో కోళ్ళన్నీ అత్త బుజ్జమ్మవి. చేపలు ఎండబెట్టే చోట గద్దలకి కొదవేముంటుంది? చేప దొరికితే చేప, దొరక్కపోతే కోడిపిల్ల. పిల్లలు దిగాయంటే ఎవరో ఒకరు కర్ర పుచ్చుకుని, మెడ పైకెత్తి, పొద్దస్తమానం పెరట్లో కూర్చోవాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ సత్యకుమారే.

ఆమె పుట్టిల్లు భైరవపాలెం. రామచంద్రపురం బస్సెక్కి, అక్కణ్ణించి యానాం చేరి, ఆపైన లాంచీలో వెళ్ళాలి. వెళ్ళొస్తానని అడిగినప్పుడు బుజ్జమ్మ ఏనాడూ కాదనలేదు. కాదంటే పోట్లాడొచ్చు. “ఎల్దువుగానిలే. కోడి పొదుగుతోంది. పిల్లలు దిగాక చూద్దాం” అనేది. పిల్లలు దిగేవి. వాటికి రెక్కలొచ్చేలోపు ఇంకో కోడి గుడ్ల మీదికెక్కేది. ఎక్కేదేమిటి, బుజ్జమ్మే ఎక్కించేది! ఏ పెట్ట కాస్త ముడుచుకుని కూర్చున్నా బుట్టలో గడ్డి పరిచి గుడ్లు సర్దేసేది. అత్త తన కాళ్ళకి బంధం వేస్తోందని సత్యకుమారికి తెలుసు. తెలిసి ఏం లాభం? మా అత్త కోళ్ళని పొదిగిస్తోంది అని ఎవరి దగ్గర మొరపెట్టుకుంటుంది?

మొగుడు పల్లంరాజు మంచివాడే. ఎంత మంచివాడంటే, ఎవరికీ ఎదురు చెప్పడు. “అమ్మ పంపిస్తానంటోందిగా సత్యా” అని వల భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు ఎండుచేపలమ్మే లోవమ్మ కబురు తెచ్చింది. “మీ అమ్మకి కాలూ చెయ్యీ పడిపోయిందే. మాట కూడా తిన్నగా రావట్లేదు. నీ పేరొక్కటే తెలుస్తోంది” అంది.

సత్యకుమారి అత్త ముఖం కేసి చూసింది. బుజ్జమ్మ అయ్యో పాపం అంది, కొంగుతో కళ్ళు కూడా ఒత్తుకుంది. తర్వాత నెమ్మదిగా, “ఈ పిల్లలు మరీ పసివి కదే. ఇంకొన్నాళ్ళు ఆగు” అంది.

ఆ మధ్యాహ్నం సత్యకుమారి పెరట్లో మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. గద్దకి ఆ కాస్త సందు చాలు. తలెత్తేసరికి ఒక పిల్లని ఎత్తుకుపోయింది. అడ్డంపడ్డ తల్లికోడి వీపు గోళ్ళకి చీరుకుపోయి, తోలు వేలాడుతోంది.

బుజ్జమ్మ తిట్టలేదు. కోడిని ఒళ్ళో అదిమి పట్టుకుంది. సత్యకుమారి ఉప్పేసి కాచిన నీళ్ళతో గాయం కడిగి, మట్టి తీసి, ఈకలు పక్కకి కత్తిరించింది.

“సూదిలో దారం ఎక్కించు అత్తా, నా చేతులు తడిగా ఉన్నాయి.”

“నువ్వే ఎక్కించుకో. నేనొదిలితే ఇది జారిపోద్ది” అంది బుజ్జమ్మ.

వల బాగుచేసే దారంతోనే సత్యకుమారి కోడి వీపు కుట్టింది. పైన కొబ్బరినూనెలో పసుపు కలిపి పట్టించింది. కోడి ముందు గింజుకుంది, తర్వాత కళ్ళు మూసుకుని ఊరుకుంది. ఆ దారం తెంపుతుంటే తట్టింది ఆమెకి. చేపల్ని పట్టే వల గద్దని ఆపలేదా?

నైలాన్ వలలొచ్చాక మామగారి నూలు వల అటకెక్కింది. ఆయన పోయాక దాన్ని ఎవరూ దించలేదు. దాన్ని దించుతున్నానని సత్యకుమారి చెప్పగానే బుజ్జమ్మ ఇల్లెగిరిపోయేలా అరిచింది. “ఆడది వల దాటితేనే ఆ పూట వేటకెళ్ళరు. పోయినోడి వల నెత్తిన కట్టుకుని కింద తిరుగుతావా?”

“దాటనత్తా. కిందనించే నడుస్తాను. కింద నడవకూడదని పెద్దలెవరూ చెప్పలేదుగా.”

పల్లంరాజు ఫక్కున నవ్వాడు. పెళ్ళయ్యాక అతను పెళ్ళాం పక్కన నిలబడింది అప్పుడే. గుంజలు తనే పాతాడు. ఎలకలు కొరికిన కన్నాలన్నీ సత్యకుమారి అల్లి పూడ్చింది, ఒక కన్ను వల మీద, ఒక కన్ను ఆకాశం మీద పెట్టి. ఒకప్పుడు ఆ పేటలో బుజ్జమ్మంత చక్కగా వల అల్లేవాళ్ళు లేరంటారు. ఆవిడ ఆ ఛాయలకే రాలేదు. కోపం అనుకుంది కోడలు.

ఇంటి చూరు నుంచి మునగచెట్టు దాకా వల కట్టడం అయింది. “రేపు బస్సుకి ఎల్తానత్తా. ఇంక కాపలా అక్కర్లేదు” అంది సత్యకుమారి. 

“ఓ పూట చూడు. నిలబడుద్దో లేదో” అంది బుజ్జమ్మ. దానికీ కాదనడానికి లేదు.

మర్నాడు ఎండ నడినెత్తికొచ్చేసరికి గద్ద వచ్చింది. రివ్వున దిగి వలలో కాళ్ళు ఇరుక్కుని వేలాడింది. కోళ్ళు గగ్గోలు పెట్టాయి. సరిగ్గా దాని కిందే కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న బుజ్జమ్మ కర్ర అందుకుని లేచి, మునగచెట్టు వైపు తిరిగి ఝళిపించింది. “హుష్! హుష్! ఎటుందే? ఏం లేదుగా పైన!”

గద్ద ఆవిడ తల మీద జానెడెత్తులో టపటపా కొట్టుకుంటోంది. ఈక ఒకటి భుజం మీద పడితే ఆకనుకుని దులుపుకుంది.

సత్యకుమారి అత్తనే చూసింది. సాయంత్రం పిల్లల్ని గంప కింద పెడుతూ ఒక్కొక్కదాన్నీ చేత్తో తడిమి లెక్కపెట్టే అత్త గుర్తొచ్చింది. సూదిలో దారం గుర్తొచ్చింది. కోపంతో వల ఛాయలకి రాలేదనుకోవడం గుర్తొచ్చింది.

గోనెసంచి కప్పి గద్దని పట్టుకుంది. దారాలు కోసి, రెక్క కింద తెగినచోట పసుపు నూనె రాసి, గంప కింద పెట్టింది. వచ్చి అత్త ఎదురుగా కూర్చుంది.

“గంప కింద ఏం పెట్టాను అత్తా?”

“కోడిపెట్టని. దెబ్బ తగిలిందా దానికి?”

“గద్దని.”

బుజ్జమ్మ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది.  “వాడికి చెప్పకే. నీకు దణ్ణం పెడతాను. మా అత్తకి చూపు పోతే చేతికి కర్రిచ్చి ఎండుచేపల దగ్గర కూర్చోబెట్టాను, కాకుల్ని తోలమని. కాకి ఎటు వాలిందో కూడా తెలీదు ఆవిడకి. పోయేదాకా అక్కడే కూర్చుంది. పలకరించిన పాపాన పోలేదు నేను. నువ్వెళ్తే ఒక్క పూటలో నా సంగతి బయటపడిపోద్ది. నన్నూ అక్కడే కూర్చోబెడతారు.”

“నాకూ కర్రే ఇచ్చావు కదత్తా” అంది సత్యకుమారి.

అంతకంటే ఎక్కువ అనాలనుంది. మా అమ్మ మంచంలో నా పేరు పిలుస్తుంటే నువ్విక్కడ గుడ్లు సర్దావు అనాలనుంది. కానీ ఆవిడ కళ్ళు తన ముఖం మీద కాక, చెవి పక్కన గాలిలో ఎక్కడో వెతుకుతున్నాయి.  నిన్నటిదాకా కోడిపిల్లలు కట్టేశాయి. గద్ద అడ్డు తీరితే వాటి ముడి విడిపోయింది. ఈ ముడి ఎలా విప్పాలో ఆమెకి తెలియలేదు.

పొద్దువాలాక పల్లంరాజు వచ్చాడు. గద్ద సంగతి విని గంప ఎత్తాడు. గద్ద ఒకసారి తూలి, సర్దుకుని, ఏటివైపు ఎగిరిపోయింది. అతనికి భలే హుషారొచ్చింది. “నీ వల గెలిచిందే! బట్టలు సర్దుకో. పొద్దున్నే బస్సెక్కిస్తాను” అన్నాడు.

బుజ్జమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చెయ్యి గుంజని వెతుక్కుని పట్టుకుంది. ఆ వెతుకులాట సత్యకుమారి చూసింది.

“కోడి పొదుగుతోంది మావా. పిల్లలు దిగాక చూద్దాం” అంది.

అనేశాక తెలిసింది, ఆ మాట ఎవరిదో. ఎన్నాళ్ళు అసహ్యించుకుందో ఆ మాటని! ఇప్పుడు అది తన నోట్లోంచే, ఎక్కడా తడబడకుండా వచ్చింది. అమ్మ కళ్ళముందు మెదిలింది. సత్యకుమారి ముఖం పక్కకి తిప్పుకుంది.

పల్లంరాజు తెల్లబోయి ఇద్దరినీ చూశాడు.

“ఏ కోడీ పొదగట్లేదురా” అంది బుజ్జమ్మ. “గుడ్లు చట్టిలోనే ఉన్నాయి, చూసుకో. నాకు కళ్ళు కనపడట్లేదు. నీ ముఖం చూసి రెండేళ్ళవుతోంది. అది తెలిసిపోద్దని దీన్ని పుట్టింటికి పంపకుండా అట్టే పెట్టాను. పొద్దున్న బస్సెక్కించు. వాళ్ళమ్మ పిలుస్తోంది.”

పల్లంరాజు భుజం మీది వల కింద పడేసి, తల్లి దగ్గరికెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు.  ఆవిడ చేతులు విడిపించుకుని, గోడ తడుముకుంటూ పెరట్లోకి దిగి, కోడలు రోజూ కూర్చునే పీట వెతుక్కుని కూర్చుంది.

“ఆ కర్ర ఇలా తే” అంది.

సత్యకుమారి కర్ర తీసింది. మోకాలికి ఆనించి రెండుగా విరిచి, అన్నం ఉడుకుతున్న పొయ్యిలో పెట్టింది.

“వల ఉందిగా అత్తా. కర్రెందుకు?” అని ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.